కోసిన మడతలు: కర్నూలు కాలేజీలో చైనా చదువు నిలబడిన తీరు

లైబ్రరీ పనిలోకి రాబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ కాలంలో ఉద్యోగం ఎట్లా ఉండేదని అడుగుతుంటారు. పుస్తకాలకు నెంబర్లు వేయడం, బీరువాలు దులపడం, చెదలు పట్టకుండా చూడటం ఎవరైనా నేర్పుతారు. వాటి జోలికి నేను పోను. మా కాలేజీలో చైనా దేశాన్ని గురించిన చదువు ఒకటి పుట్టింది. విశ్వవిద్యాలయం గుర్తించిన చదువు. దాన్ని పెంచినవాళ్ళలో నేనొకణ్ణి. పసికందుగా ఉన్నప్పుడే దాని గొంతు నులమబోయినవాణ్ణి కూడా నేనే. మొదటిది మాత్రమే చెప్పుకుంటే మీకు ఉపయోగం లేదు.

నా చదువు

మాది కమలాపురం. మా నాయన నాపరాళ్ళ గనిలో బండలు తీసేవాడు. థర్డ్ ఫారంతో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతితో, నా బడి ముగిసింది. కడపలో ఒక రీడింగ్ రూములో పుస్తకాలు దులిపే పని దొరికింది. దులిపిన ప్రతి పుస్తకమూ చదివానంటే కోతలు కోసినట్టవుతుంది. చదవకుండా దులిపినవి తక్కువ అంటే మాత్రం నిజమే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరుసగా మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు తిరగేశాను. ఆ చదువు చూసే నన్ను కర్నూలు కాలేజీకి లైబ్రేరియన్‌గా పిలిచారు.

ఎం.ఏ.లు చదివిన లెక్చరర్లు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఓబులేసూ, ఈ సంగతి ఏ పుస్తకంలో ఉంటుంది?" అని అడిగేవారు. నేను లేవకుండానే బీరువా, అర, పుస్తకం చెప్పేవాణ్ణి. ఆ గర్వం నాకు తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకోవడంలో సిగ్గేమీ లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండునుంచి వచ్చే కొన్ని పుస్తకాలకు పుటల అంచులు మడతలుగానే ఉండేవి. చదివేవాడే కోసుకోవాలి. దానికోసం నా దగ్గర ఇత్తడి కత్తి ఒకటి ఉండేది. కొత్త పుస్తకం మడతలు కోస్తుంటే ఆ పుస్తకంలోకి ముందుగా అడుగుపెడుతున్నది నేనే కదా అనిపించేది. ఆ కత్తిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

దేవదానం గారి శనివారాలు

చైనా చదువుకు మూలపురుషుడు చరిత్ర లెక్చరర్ దేవదానం గారు. ఆయనదీ మా కమలాపురం ప్రాంతమే. కూలిపని చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం. ఆయన తాతను కరువులో గంజి కేంద్రం బతికించిందట. అందుకని ఆయన చరిత్రలో రాజులకంటే కరువుల మీద ఎక్కువ దృష్టి పెట్టేవారు. చైనా ఉత్తరభాగంలో వానలేని జిల్లాల గురించి ఎక్కడో చదివి, అప్పటినుంచి చైనాను వదల్లేదు. జపాను వాళ్ళు చైనా మీద పడి యుద్ధం చేస్తున్న రోజులవి. పేపర్లనిండా ఆ వార్తలే కాబట్టి పిల్లలూ ఆసక్తి చూపారు. శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో కూటం పెట్టారు.

మొదటి రెండు వారాలు రాజవంశాల వరుస చెప్పారు. పిల్లలు ఆవులించారు. మూడో శనివారం ఆయన జేబులోంచి గుప్పెడు గింజలు తీసి బల్లమీద పోశారు.

"ఇవేమిటి?"

"కొర్రలు సార్," అన్నాడు డోన్ నుంచి వచ్చి చదువుకుంటున్న తిమ్మారెడ్డి. రైతుబిడ్డ, ఎకనామిక్స్ విద్యార్థి. కూటానికి నీడపట్టున కూర్చోవచ్చని వచ్చేవాడు.

"ఉత్తర చైనాలో పేదోడి తిండి ఇదే. వరన్నం వాళ్ళకు పండక్కే."

పిల్లలు ముందుకు వంగారు. "నిజమా సార్? చైనావోళ్ళు కొర్రన్నం తింటారా?"

"వేల ఏండ్లుగా తింటాండారు."

"దాంట్లోకి ఏం నంజుకుంటారు సార్?"

అందరూ నవ్వారు కానీ దేవదానం గారు నవ్వలేదు. "మంచి ప్రశ్న. నాకు తెలీదు. ఓబులేసూ, యాడుంటాదో వెతుకు," అన్నారు. నేను వెతికాను. ఒక పుస్తకంలోనూ లేదు. నా బల్ల దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు దొరక్కపోవడం నాకది మొదటిసారి.

ఆ తర్వాత బాటనీ ఆయన కొర్రల గురించి చెప్పడానికి వచ్చారు. ఎకనామిక్స్ ఆయన కరువు కాలంలో ధాన్యం నిల్వల గురించి చెప్పారు. చరిత్ర, పంట, నీళ్ళు, తిండి అన్నీ కలిపి చైనాను చదవాలని దేవదానం గారు ఒక పాఠ్యప్రణాళిక రాసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చారు. ప్రిన్సిపాల్ మాకింకా దక్షిణాన ఉన్న ప్రాంతంనుంచి వచ్చినవారు. చెడ్డవారు కాదు. ప్రతి కాగితాన్నీ ఏ ఫైలులో పెట్టాలో తెలియకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

"ఇది ఏ డిపార్టుమెంటు?" అని అడిగారు.

"చరిత్ర, బాటనీ, ఎకనామిక్స్ మూడూ సార్," అన్నారు దేవదానం గారు.

"మూడు డిపార్టుమెంట్లు అంటే ఏ డిపార్టుమెంటూ కాదని."

అయినా ఆ ప్రణాళికను ఆయన విశ్వవిద్యాలయానికి పంపారు. అంతవరకు ఆయనకు ధన్యవాదం చెప్పాలి. జవాబుగా ఒక ఉత్తరం, ఒక చెక్కపెట్టె వచ్చాయి. విద్యాసంవత్సరం మొదలయ్యాక ఒక కమిటీ వచ్చి చూస్తుందనీ, ఈ చదువును పాఠ్యాంశంగా గుర్తించి చైనా భాష నేర్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలా, కూటాన్ని మూసేయాలా అన్నది ఆ కమిటీ తేలుస్తుందనీ ఉత్తరంలో ఉంది. పెట్టెలో చైనా పుస్తకాలున్నాయి. చైనానుంచి ఎవరో బహూకరించగా, చదివేవాళ్ళు లేక అక్కడ మూలపడి ఉన్నవి. ఇరవై నాలుగు పల్చటి సంపుటాలు. వ్యవసాయాన్ని గురించినవి. మధ్యమధ్యలో చక్కటి బొమ్మలు.

దేవదానం గారు ఒక సంపుటం తీసి, బొమ్మలు చూసి, జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో పెట్టారు. "ఓబులేసూ, ఇవి నీ చేతిలో పెడతాండా," అన్నారు.

ఖాదర్ మామ చెప్పిన మాట

పాతూరిలో పుస్తకాలకు జిల్దు కట్టే, అంటే బైండింగు చేసే, ఖాదర్ వలీని అందరం ఖాదర్ మామ అనేవాళ్ళం. కాలేజీ పుస్తకాలన్నీ ఆయన చేతిమీదుగా కుట్టినవే. చైనా పుస్తకాలు మెత్తని కాగితపు అట్టలతో, పైకి కనిపించే దారపు కుట్టుతో ఉన్నాయి. కమిటీ వచ్చేనాటికి వాటికి గట్టి అట్ట, తోలు వీపు వేయించి బీరువాలో నిలువుగా నిలబెట్టాలని నా ఆలోచన. ఇంగ్లీషులో జిల్దు పనిమీద ఉన్న పుస్తకం ఒకటి చదివి, ఏం చేయాలో కాగితంమీద రాసుకుని ఆయన దుకాణానికి పోయాను.

ఖాదర్ మామ ఒక సంపుటం చేతిలోకి తీసుకుని కాగితాన్ని వేళ్ళమధ్య నలిపి చూశాడు.

"ఏమప్పా ఓబులేసూ, ఉల్లిపొర మాదిరి ఉండాదే! యాడ నుంచి తెప్పిచ్చినావు?"

"చైనా నుంచి మామా."

"మరి లైబ్రరీ ముద్ర ఆఖరి పేజీలో కొట్టినావేమి?"

"అది మొదటి పేజీ."

"కాదబ్బా. అట్ట మింద పేరుచీటీ యాపక్క ఉండాదో చూడు. మా కితాబుల మాదిరి కుడిపక్క నుంచి తెరవాల."

"అరబ్బీ వేరు, చైనా వేరు మామా. రెండు దేశాల మధ్య ఎంత దూరముందో రా, అట్లాసులో చూపిస్తా."

"అట్లాసు ఎందుకప్పా? పుస్తకం చేతిలోనే ఉండాది గదా."

నేను వినిపించుకోలేదు. పుటల అంచులు చూపించి, ఈ మడతలన్నీ ముందు కోయాలని చెప్పాను. ఆయన ఒక మడతను వేలితో గొట్టంలా ఉబ్బించి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"దొరల పుస్తకం మడత కోస్తే లోపల అచ్చు ఉంటాది. దీంట్లో ఏమీ లేదు, తెల్లగ ఉండాది. కాగితం శానా పల్చన. రెండు పక్కలా అచ్చేస్తే ఈపక్కది ఆపక్క కనపడతాది. దానికని ఒక పక్కే అచ్చేసి మడిచినారు. ఇది కొయ్యడం మరిచిపోయి పంపినది కాదు. కావాలని ఉంచుకున్న మడత."

"జిల్దు కట్టేముందు మడతలు కోయాలని పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"ఆ పుస్తకం రాసినాయప్ప చైనా పుస్తకం ఎప్పుడన్నా కుట్టినాడా?"

దుకాణంలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు నవ్వారు. "చెప్పడం నా పని, కుట్టడం నీ పని మామా," అన్నాను.

ఖాదర్ మామ పుస్తకాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు. "సరే సార్," అన్నాడు.

అంతకుముందు ఆయన నన్నెన్నడూ సార్ అనలేదు. ఆ మాటలో మర్యాద లేదని నాకు తెలుసు. తెలిసీ, గెలిచానని అనుకుంటూ ఇంటికి పోయాను. చేతిపని తెలిసినవాడు మీ అధికారానికి తలవంచి ఊరుకున్నాడంటే, ఆ క్షణాన మీరు ఏదో పోగొట్టుకున్నారని తెలుసుకోండి. ఈ మొత్తం రాతలో మీకు నేను చెప్పగలిగిన బుద్ధి అంతకంటే లేదు.

ఖాదర్ మామ రెండు వారాల్లో పదహారు సంపుటాల కుట్లు విప్పి, మడతలు కోసేశాడు. మిగతా ఎనిమిదింటికి పాత జిగురు మీద కొత్త జిగురు వేశాననీ, అది ఆరేదాకా కత్తి పెట్టకూడదనీ చెప్పి పక్కన పెట్టాడు. ఈలోగా ఒక సాయంత్రం వేసవి గాలిదుమారం లేచి దుకాణం తలుపులు తెరిచేసింది. విడివిడి కాగితాలు గదినిండా ఎగిరాయి. కబురు తెలిసి పరుగెత్తాను. ఏరి గంపల్లో పోశాం. పుటల నెంబర్లు చూసి వరుసపెడదామంటే ఎక్కడా నెంబర్లు కనబడలేదు.

"చైనావాళ్ళకు పుటలకు అంకెలు వేసే అలవాటు లేదు," అని ప్రకటించాను. అదీ ఏదో పుస్తకంలో చదివినట్టే చెప్పాను. చదవలేదు.

డాక్టరమ్మ

ఆ శనివారం కూటానికి దేవదానం గారు ఒక దొరసానిని తీసుకొచ్చారు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ. మన జిల్లాకు రాకముందు చైనాలో చాలా ఏళ్ళు పనిచేశారట. పాదిరీల దగ్గర నేర్చుకున్న తెలుగు కావడంతో ఆమె మాట పాత పుస్తకంలా ఉండేది. నేను గంపలు తెప్పించి బల్లమీద పెట్టాను. కమిటీకంటే ముందు ఈమె చేత భేష్ అనిపించుకోవాలని నా ఉబలాటం.

ఆమె ఒక కాగితం తీసి అంచు చూశారు. మరొకటి తీశారు. మూడోది చూసి కుర్చీలో కూర్చుండిపోయారు.

"వీటిని ఎవరు కోసిరి?"

"నేనే కోయించానమ్మా. జిల్దు కోసం."

"అయ్యో! ఇవి మడతగానే యుండవలెను. పుస్తకము పేరును, పుట సంఖ్యయు ఈ మడతమీదనే అచ్చువేయుదురు. చూడుము."

కాగితం అంచున సన్నటి నల్ల గీతలున్నాయి. మసి మరకలనుకున్నవి. మరో కాగితం తెచ్చి ఆ అంచుకు ఆనించి చూపించారు. కుదరలేదు. అన్నీ సగం సగం తెగిన అక్షరాలు. చైనావాళ్ళు అంకెలు వేశారు. ఆ అంకెలను నిలువునా చీల్చినవాణ్ణి నేను.

దేవదానం గారు నావైపు చూసి చూపు తిప్పుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. పెట్టె వచ్చిన రోజున ఆయన అన్న మాట నాకు గుర్తొచ్చింది. ఇంకో రెండు నెలల్లో కమిటీ వస్తుంది. భాష తెలియని ఊళ్ళో పుస్తకాలిస్తే ఇట్లాగే చేస్తారని ఒక్క మాట అంటే చాలు, ఆయన చేసిన పనంతా అక్కడితో సరి.

డాక్టరమ్మ నల్లబల్ల దగ్గరికి పోయి ఒకటినుంచి పదిదాకా చైనా అంకెలు రాశారు. "అంచులు పోయినవా? కత్తిరించి పారవేసితిరా?" అని అడిగారు.

"లేదమ్మా. అంచు చదును చేసే పని ఇంకా మొదలుపెట్టలేదు."

"అట్లయిన, సగమును సగముతో కలుపవచ్చును. కష్టము. కాని కలుపవచ్చును."

వేసవిలో చేసిన పని

ఖాదర్ మామ దుకాణానికి పోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"కూర్చో సార్," అన్నాడు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"సార్ అనొద్దు మామా."

"మరి ఏమనాల్నో చెప్పు. కుట్టడం నా పని, చెప్పడం నీ పని గదా."

"తప్పయింది. నువ్వు చెప్పిందే నిజం."

ఆయన దారం కొరికి తుంచాడు. లేచి లోపలికి పోయి, బట్టలో చుట్టిన మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కోయని ఎనిమిది సంపుటాలు.

"జిగురు ఆరలేదంటివి?"

"ఈ ఎండకు కర్నూల్లో జిగురు ఆరకుండా ఉంటాదా? నువ్వు చదివిన పుస్తకంలో ఆ సంగతి రాయలేదేమో," అని, అప్పుడు నవ్వాడు. "రేపు పొద్దున వస్తా పో, ఓబులేసప్పా. గాలిపటాల కాగితం తెప్పించి పెట్టు. తెల్లది."

సెలవులిచ్చినా ఊళ్ళకు పోని ఎనిమిదిమంది పిల్లలు, దేవదానం గారు, బాటనీ ఆయన, నేను, ఖాదర్ మామ రీడింగ్ రూములో కూర్చునేవాళ్ళం. కాగితాలు ఎగరకుండా కిటికీలన్నీ మూసేశాం. చెమట కారి కాగితంమీద పడకుండా మెడకు తువ్వాళ్ళు చుట్టుకున్నాం. ఒకరు సగం అక్షరం పట్టుకుంటే ఇంకొకరు దాని మిగతా సగం వెతకాలి. కుదిరితే ఖాదర్ మామ లోపలివైపు గాలిపటం కాగితపు సన్నటి పట్టీ వేసి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అతికించేవాడు. మొదటిరోజు ఆరు కాగితాలు కుదిరాయి. గంపలు మాత్రం తగ్గినట్టే లేవు.

వారం గడిచేసరికి అంకెలు అందరికీ వచ్చేశాయి. "ఇరవై మూడు యాడప్పా?" "నా కాడ ఉండాది, ఎడమ కాలు మాత్రమే ఉండాది." "ఆ ఎడమ కాలు ఈ కుడి కాలికి అతకదురా, వేరే సంపుటం!" ఇట్లా సాగేది. నెల తిరిగేసరికి పొలం, నీళ్ళు, వాన, ధాన్యం అనే అక్షరాలను డాక్టరమ్మ రాసిచ్చిన చీటీతో గుర్తుపట్టగలిగాం. మాకెవరూ పాఠం చెప్పలేదు. నా తప్పును సరిచేయాలంటే ఆ అక్షరాలు నేర్చుకోక తప్పలేదు, అంతే.

ఒకరోజు తిమ్మారెడ్డి చిన్నగా కేక పెట్టాడు. "సార్, ఇది గొర్రు!"

కలిపిన కాగితంలో ఒక సగాన రాత, ఇంకో సగాన బొమ్మ. ఎద్దు, వెనక మనిషి, మధ్యలో మూడు కాళ్ళ విత్తనపు గొర్రు. పైన గింజలు పోసే గిన్నె, దానినుంచి కాళ్ళలోకి దిగే గొట్టాలు. మన చేలల్లో ఉండేదే.

"మాది నాలుగు కాళ్ళది," అన్నాడు తిమ్మారెడ్డి. "అయినా ఇందులో ఏదో తక్కువ ఉండాది సార్. మా ఇంట్లో అయితే మా అమ్మ పక్కన నడుస్తా జడ్డిగం గిన్నెలోకి చేత్తో గింజలు వదుల్తాది. దీంట్లో గింజలు వదిలే మనిషే లేదు."

దేవదానం గారు ఆ బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆ రోజుకు పని ఆపి, మేమందరం గొర్రు గురించే మాట్లాడుకున్నాం. శనివారం నీడపట్టున కూర్చోవడానికి వచ్చిన తిమ్మారెడ్డి ఆ తర్వాత అందరికంటే ముందు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు.

తాళంచెవి

పదహారు సంపుటాలూ అతికి మళ్ళీ కుట్టడం పూర్తయింది. కమిటీ వచ్చే ముందురోజు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

"ఆ పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యి. అడిగితే తాళంచెవి కనపడటం లేదని నేనే చెప్తాను. ఇంగ్లీషు పుస్తకాలు, పిల్లల వ్యాసాలు చూపిద్దాం. ఇది నీ మేలుకోసమే."

నిజంగానే నా మేలుకోసం. పుస్తకాలు పాడుచేసినందుకు నా ఉద్యోగం పోవచ్చు. సరేనన్నాను. కోప్పడే పైఅధికారిని తట్టుకోవచ్చు. మన తప్పును దాచిపెట్టే పైఅధికారిని తట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆయన మంచివాడుగానే కనిపిస్తాడు.

బయటికి వచ్చి దేవదానం గారికి చెప్పాను.

"మీరేమంటారు సార్?"

"చూపిస్తే క్లాసు పోతుందేమో. చూపించకుండానే అది వస్తే, ఆ క్లాసులో నేనేం చెప్పాల్నో నాకు తెలీదు. కోసింది నువ్వప్పా. చెప్పేదీ నువ్వే. నేను ఏమీ అనను."

మరునాడు కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. వారిలో ఉత్తరాదినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు చైనా భాష చదివిన పండితుడు. పిల్లల వ్యాసాలు చూశారు. పాఠ్యప్రణాళిక చూసి, మూడు డిపార్టుమెంట్లేమిటని ఒకాయన నుదురు చిట్లించారు. చివరికి పండితుడు అడగనే అడిగారు.

"మీకు చైనా పుస్తకాలు పంపారు కదా. అవెక్కడ?"

"బీరువాలో ఉన్నాయి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "దురదృష్టం, తాళంచెవి కనపడటం లేదు."

దేవదానం గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అన్న మాట ప్రకారం ఏమీ అనలేదు.

"అయ్యా, తాళంచెవి నా జేబులో ఉంది," అన్నాను.

ప్రిన్సిపాల్ గారి ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. బీరువా తెరిచి ఒక సంపుటం తెచ్చి పండితుడి చేతికిచ్చాను. ఆయన బొటనవేలితో అంచు నిమిరారు. అతుకుల వల్ల అంచు దళసరిగా ఉంది. ఒక పుట వెలుతురుకు పట్టి చూశారు. గాలిపటం పట్టీ తెల్లగా కనిపించింది.

"ఇదేమిటి?"

అంతా చెప్పాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో మాటలు దొరక్క తెలుగులోకి వచ్చాను. దేవదానం గారు తర్జుమా చేశారు, ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట మెత్తబరచకుండా.

"కోయవద్దని చెప్పినవాళ్ళు ఎవరూ లేరా?"

"ఉన్నారు. వరండాలో కూర్చున్నారు."

ఖాదర్ మామను లోపలికి పిలిచారు. పండితుడు హిందుస్తానీలో అడిగారు, నీకెట్లా తెలిసిందని. ఖాదర్ మామ చేతులు కట్టుకుని నిలబడి, "పుస్తకమే చెప్పింది హుజూర్. ఈయప్పకు వేరే పుస్తకం చెప్పింది," అన్నాడు. పండితుడి పెదవి కొద్దిగా కదిలింది.

తర్వాత ఆయన పిల్లలవైపు తిరిగి ఒక పుట తెరిచారు. తిమ్మారెడ్డి ముందుకు వచ్చి అతుకుమీది అంకె చూసి, "ముప్పై ఏడు" అన్నాడు. ఆ పుటలోనే గొర్రు బొమ్మ ఉంది. "దీని గురించి ఏమైనా తెలుసా?" అని అడిగారు పండితుడు.

"రాత తెలీదు సార్. పనిముట్టు తెలుసు. మా దాంట్లో గింజలు చేత్తో వదుల్తాం. దీంట్లో వదిలే మనిషి లేదు. గిన్నెలో పోసిన గింజ దానంతటది దిగాలంటే, వెనకోడు మేడి పిడిని ఇట్ల పక్కలకు ఊపుతా నడవాల. ఊపకపోతే గింజ నిలిచిపోతాది."

రెండు చేతులతో మేడి పట్టుకున్నట్టు పట్టుకుని, లైబ్రరీ నేలమీద నాలుగడుగులు ఊపుకుంటూ నడిచి చూపించాడు. దేవదానం గారు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పడం పూర్తికాకముందే పండితుడు కళ్ళజోడు పెట్టుకుని రాతలోకి వంగారు. ఒక వరుసమీద వేలు పెట్టారు.

"ఇక్కడ 'ఊపుతూ నడవాలి' అని ఉంది. ఈ పుటను నేను ఇంగ్లీషులోకి అనువదించాను. ఎందుకు ఊపాలో తెలియక, ఎద్దును అదిలించడానికి అని రాశాను. అది అచ్చయి చాలా ఏళ్ళయింది."

పుస్తకం మూశారు. తక్కిన ఇద్దరితో అన్నారు: "ఇవే పుస్తకాలు ఉత్తరాదిన మా విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. వాటి మడతలు ఎవరూ కోయలేదు. వాటిని ఎవరూ తెరవనూ లేదు."

విశ్వవిద్యాలయం షరతు

ఉత్తరం రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా నేను రోజూ నా బల్ల సొరుగు ఖాళీ చేసి, మళ్ళీ సర్దుకునేవాణ్ణి.

ప్రిన్సిపాల్ గారు అందరినీ పిలిచి చదివారు. చైనా చదువును మూడేళ్ళపాటు పాఠ్యాంశంగా అనుమతించారు. చరిత్ర పిల్లలతోపాటు ఎకనామిక్స్, బాటనీ పిల్లలు కూడా తీసుకోవచ్చు. భాష నేర్పడానికి ఆ పండితుడి శిష్యుడొకరు వస్తారు. దేవదానం గారు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఇంకా నా సంగతి రాలేదని చూస్తున్నాను.

"ఒక షరతు ఉంది," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "లైబ్రేరియన్ కూడా క్లాసులో కూర్చుని మొదటి ఏడాది పరీక్ష పాస్ కావాలి. అంతదాకా ఈ కాలేజీకి ఇంకో చైనా పుస్తకం పంపరు." అది చదివి, నా ముందర ఆయన మొదటిసారి నవ్వారు. తాళంచెవి సంగతి ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

నాకప్పటికి యాభై దాటాయి. వెనక బెంచీలో, కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చున్నాను. నిఘంటువు మొదటినుంచి బట్టీపట్టాను. అది తప్ప చదివే పద్ధతి నాకింకొకటి తెలియదు. పరీక్షలో నాలుగు వరుసల పాఠం ఇచ్చి అర్థం రాయమంటే, అక్షరాలన్నీ విడివిడిగా తెలిసి, వాక్యం ఒక్కటీ అర్థం కాలేదు. తప్పాను. తిమ్మారెడ్డి మార్కుల పట్టీ చూసి వచ్చి, "పర్వాలేదు పెద్దాయనా, గొర్రు కూడా ఒకేసారి సాగదు, ఊపుతా పోవాల" అన్నాడు. అతనికి తొలి శ్రేణి వచ్చింది.

రెండో ఏడు నిఘంటువు మూసిపెట్టి, పిల్లలతోపాటు గట్టిగా చదివాను. పాసయ్యాను.

తర్వాతి మాసంలో రైల్వే స్టేషనునుంచి ఎద్దులబండిమీద రెండో పెట్టె వచ్చింది. పిల్లలు చుట్టూ మూగి, మూత తీయమని తొందరపెట్టారు. నేను తీయలేదు. పాతూరికి కబురు పంపి, ఖాదర్ మామ వచ్చేదాకా ఆ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.